మూడో జ్వరం: కోర్టు ఎదుటి టైపు కొట్టుకు మూడు నక్షత్రాలు

నాది మ్యాచింగ్ సెంటర్. ఇరవై రెండేళ్లుగా జాకెట్టు ముక్కలు, లైనింగు గుడ్డలు, ఫాల్సులు కొలిచి ఇస్తున్నాను. చీరకు సరిపోయే రంగు లేకపోతే దగ్గరి రంగు అంటగట్టే అలవాటు నాకు లేదు. "ఇది కలవదమ్మా, వచ్చే వారం రండి" అని పంపేస్తాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయే కొట్టులో నాకు అంటగట్టింది అలాంటి దగ్గరి రంగే.

కొట్టు పేరు రాయను. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కోర్టు చుట్టుపక్కల ఇలాంటివి ఒకటి కాదు. రేకుల కప్పు, ముందు ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, దాని మీద దసరాకు పెట్టిన కుంకుమ బొట్లు. మూలన గుడ్డ కప్పిన పాత టైపు మిషను. బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లిషు మూడూ ఉంటాయి. తెలుగులో "అఫిడవిట్లు, అగ్రిమెంట్లు, జెరాక్సు" అని పెద్దగా రాసి, కింద చిన్న అక్షరాలతో "వాయిదా పిటిషన్లు పది నిమిషాలలో" అని పెట్టారు. అందులో అబద్ధం లేదు. నా మొదటి కాగితం ఏడు నిమిషాలలో చేతికొచ్చింది. గొడవంతా ఆ ఏడు నిమిషాలతోనే.

కొట్టులో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు యజమాని, అరవై దాటినవారు, అందరూ టైపు మాస్టారు అంటారు. రెండో అతను ఆయన మేనల్లుడు, పాతికేళ్లు ఉంటాయి. ఇద్దరూ ఒకే కొట్టు అనుకోకండి. నా మూడు నక్షత్రాల లెక్క కూడా అలాగే వచ్చింది. ఒకరికి ఐదు, ఒకరికి ఒకటి, సగం చేస్తే మూడు.

ఇక కేసు. మా తమ్ముడి ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక గోడ ఉంది. 2022 వేసవిలో ఆ గోడ మీద మొదలైన మాట చేతుల దాకా వెళ్లింది. తప్పు రెండు వైపులా ఉంది. అక్కను కాబట్టి అంతకు మించి రాయను. పోలీసులు 294, 323, 506, 34 పెట్టారు. పాత శిక్షాస్మృతి అంకెలు ఇవి. బూతులు తిట్టడం, దెబ్బ కొట్టడం, బెదిరించడం, నలుగురూ కలిసి చేయడం. మా వైపు గోడ తగాదాలలో ఈ నాలుగూ అన్నదమ్ముల్లా కలిసే తిరుగుతాయి. బెయిలు వచ్చినప్పుడు జామీను నేనే నిలబడ్డాను. ఇరవై వేల రూపాయల బాండు మీద సంతకం పెట్టాను. అంటే తమ్ముడు వాయిదాకు రాకపోతే వాడి మీద వారంటు పుట్టడం ఒక్కటే కాదు, నా ఇరవై వేలకూ గండమే. ఈ సంగతి ఆ రోజు నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం ముగ్గురు వేళ్లతో చూపించారు.

2025 ఫిబ్రవరిలో ఒక మంగళవారానికి సాక్షుల విచారణ తేదీ పడింది. సోమవారం రాత్రి భోజనం చేసి పడుకున్న తమ్ముడు పదకొండు గంటలకు కడుపు పట్టుకుని లేచాడు. నొప్పి కుడి వైపు కిందికి దిగింది. మా మరదలు, వాళ్ల పెద్దబ్బాయి కలిసి బండి మాట్లాడి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్లారు. తెల్లవారుజామున ఫోను వచ్చింది: అపెండిక్స్, ఆలస్యం చేయకుండా ఆపరేషను చేయాలి. మా ఊరివాళ్లకు రాష్ట్రాల సరిహద్దు అంటే ఇదే. కేసు ఒడిశాలో, మంచం ఆంధ్రలో, మధ్యలో పాతపట్నం.

ఏడు గంటలకు ప్లీడరు గారికి ఫోను చేశాను. ఆయన కంగారు పడలేదు. "ఆసుపత్రిలో చేర్చుకున్న కాగితం ఫోటో తీసి పంపమనండి. మీరు మా గుమాస్తాతో కలిసి పిటిషను టైపు చేయించండి. నేను వచ్చి చూసి సంతకం పెడతాను" అన్నారు. గుమాస్తాను ఇక్కడ మొహరిర్ అంటారు. పిలిస్తే రెండు పేర్లకూ పలుకుతాడు.

తొమ్మిదీ ముప్పావుకు కొట్టుకు వెళితే మేనల్లుడు ఒక్కడే ఉన్నాడు. కేసు నంబరు అడిగాడు. ముద్దాయి పేరు అడిగాడు. "వాయిదాకేగా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. ప్రింటరు కదిలింది. అంతే. కాగితం ముందే సిద్ధంగా ఉంది. పేరు, నంబరు, తేదీ, ఈ మూడు ఖాళీలే నింపాడు. ఏమైందని అడగలేదు. నేనే ఆగలేక "అపెండిక్స్ బాబూ, ఆపరేషను చేస్తున్నారు" అన్నాను.

"ఏదైనా ఒకటేనమ్మా. జ్వరం అంటే అందరికీ అర్థమవుతుంది. ఇన్నేళ్లుగా దీంతోనే వాయిదాలు వస్తున్నాయి. రాకపోతే డబ్బు వాపసు" అన్నాడు. అంతటితో ఆగకుండా, "ప్లీడరు గారికి ఈ రోజు సెషన్స్ కోర్టులో కూడా పని ఉందట కదా, ఆ ముక్క కూడా కలపమంటారా? గట్టిగా ఉంటుంది" అన్నాడు. కలిపేశాడు కూడా. అరవై రూపాయలు తీసుకున్నాడు.

అప్పుడే గట్టిగా మాట్లాడవలసింది. కానీ కాగితం ఇంగ్లిషులో ఉంది. నాకు ఒడియా బోర్డులు చదవడం వచ్చు, తెలుగు బాగా వచ్చు, ఇంగ్లిషులో పేర్లు, అంకెలు పోల్చుకుంటాను. మొహరిర్ పేరు, నంబరు సరిచూసి తల ఊపాడు. నేనూ ఊపాను. ప్లీడరు గారు కేసు పిలిచే వేళకు పరుగున వచ్చి, నిలబడే సంతకం పెట్టారు. ఆయనదీ కొంత తప్పే. ఆ మాట తరువాత ఆయనే ఒప్పుకున్నారు కాబట్టి ఇక్కడ రాయవచ్చు.

పదకొండూ పది నిమిషాలకు పేష్కారు, అంటే కేసులు పిలిచే కోర్టు ఉద్యోగి, మా కేసు పిలిచారు. మేజిస్ట్రేటు అమ్మగారు కాగితం తీసుకుని రెండు వరుసలు చదివారు. తల ఎత్తకుండానే ఒడియాలో అన్నారు: "ఈ ఉదయం నుంచి ఇది మూడో జ్వరం. మాటలు కూడా అవే."

కోర్టులో ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

నిజానికి అంతకుముందు రెండు కేసులలో ఆ కొట్టు కాగితాలే వెళ్లాయి. మూడింటిలోనూ ముద్దాయి "హఠాత్తుగా తీవ్ర జ్వరం బారిన పడి కదలలేని స్థితిలో" ఉన్నాడు. వాళ్లిద్దరికీ నిజంగా జ్వరమో కాదో నాకు తెలియదు. మా వాడు మాత్రం నిజంగానే బల్ల మీద ఉన్నాడు. ఒకే అచ్చులో పోసిన కాగితం వల్ల నిజం పట్టుకొచ్చిన నేను వెళ్లి అబద్ధాల వరుసలో నిలబడ్డాను. అరవై రూపాయలు ఇచ్చి మరీ.

ప్రభుత్వం తరఫు ప్లీడరు లేచారు. సాక్షులు ఇద్దరు వచ్చి ఉన్నారు, ఒకరు కాశీనగరం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కూలి మనిషి, ఆయనను ఉత్తి చేతులతో పంపడానికి వీల్లేదు అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ ముసలాయన తలుపు దగ్గర తువ్వాలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. మాకు వ్యతిరేకంగా చెప్పడానికి వచ్చినవాడే, అయినా ఆయన ఆ రోజు కూలి పోయింది. మంచినీళ్లు అడుగుదామని ఒక అడుగు వేశాను. మా ప్లీడరు గారు కళ్లతోనే ఆపేశారు. సాక్షితో ముద్దాయి అక్క మాట్లాడుతూ కనిపిస్తే అది ఇంకో కథ అవుతుంది.

మా ప్లీడరు గారు ఆసుపత్రి కాగితాలు వస్తున్నాయనీ, మధ్యాహ్నం మళ్లీ పిలవమనీ అడిగారు. అమ్మగారు ఒప్పుకున్నారు. వారంటు మాట ఎత్తలేదు. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాను.

వరండాలోకి వచ్చాక ప్లీడరు గారు ఆ కాగితం మొదటిసారి నెమ్మదిగా చదివారు. చదివి, నా కేసి కాకుండా మొహరిర్ కేసి చూశారు. ఆ తరువాత ఆయన నాకు చెప్పిన మాటలు రాస్తున్నాను. టైపు కొట్టుకు వెళ్లే ఎవరికైనా పనికొస్తాయి.

మొదటిది సెక్షన్ల సంగతి. కాగితంలో 346, 355 అని ఉంది. అవి 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత అంకెలు. మా కేసు విచారణ ఆ తేదీకి ముందే మొదలైంది. అప్పటికే నడుస్తున్న విచారణలు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారమే కొనసాగుతాయని కొత్త చట్టంలోనే 531వ సెక్షను చెబుతోంది. కాబట్టి మాకు 309, 317 అని రాయాలి. కొట్టు కుర్రవాడు కొత్త చట్టం రాగానే ఉత్సాహంగా అచ్చులన్నీ మార్చేశాడు, పాత కేసులు పాతగానే ఉంటాయని మరిచిపోయాడు. "అంకె తప్పినంత మాత్రాన పిటిషను కొట్టేయరు. కానీ రాసినవాడు కేసు చూడలేదని చదివేవాళ్లకు తెలిసిపోతుంది" అన్నారు ప్లీడరు గారు. నా వ్యాపారంలోనూ అంతే. అంచు తిరగేసి కుట్టిన జాకెట్టు వేసుకోవడానికి పనికొస్తుంది, కుట్టినవాడి మీద నమ్మకమే పోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం, నాకు అసలు తెలియనిది. వాయిదా అడగడం వేరు, ముద్దాయి రాలేకపోయినందుకు మన్నింపు అడగడం వేరు. నేను రెండూ ఒకటే అనుకుంటూ వచ్చాను. 309 కింద అడిగేది విచారణనే మరో రోజుకు మార్చమని. 317 కింద అడిగేది, ముద్దాయి ఈ రోజు లేడు, అతని తరఫున ప్లీడరు ఉన్నాడు, అతని హాజరు మినహాయించండి అని. రెండోది ఇస్తే ముద్దాయి లేకుండానే ఆ రోజు పని జరిగిపోవచ్చు. సాక్షులు వచ్చి కూర్చున్న రోజున వాళ్లను విచారించకుండా వాయిదా ఇవ్వకూడదనీ, ఇవ్వవలసి వస్తే ప్రత్యేక కారణం రాసి ఇవ్వాలనీ 309లోనే ఉంది. కొట్టు కాగితం ఈ రెండింటినీ కలిపి ఖిచిడీ చేసింది. ఏది అడుగుతున్నామో మాకే తెలియనట్టు ఉంది.

"ప్లీడరు వేరే కోర్టులో ఉన్నాడు" అన్న ముక్క చదివి ఆయన నుదురు కొట్టుకున్నారు. ప్లీడరుకు మరో కోర్టులో పని ఉండడం వాయిదాకు కారణం కాదని ఆ సెక్షనే చెబుతోందట. పైగా ఆయన అక్కడే, అమ్మగారి ఎదుటే నిలబడి ఉన్నారు! కుర్రవాడు గట్టిగా ఉంటుందని కలిపింది ఇదే.

మరదలు కాగితాల ఫోటోలు పంపేసరికి పన్నెండు దాటింది. మళ్లీ కొట్టుకు వెళ్లాను. ఈసారి కుర్చీలో మాస్టారు ఉన్నారు. ఆ మనిషికి నేను ఐదు నక్షత్రాలు ఎందుకు ఇస్తున్నానో ఇక్కడ రాయాలి.

ముందు మా పాత కాగితం చదివారు. పక్కన పెట్టారు. కంప్యూటరు ముట్టుకోలేదు. "కూర్చోండి తల్లీ, చెప్పండి" అన్నారు. నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది? ఎవరు తీసుకెళ్లారు? ఎన్నింటికి చేర్చుకున్నారు? చేర్చుకున్న కాగితం మీద నంబరు ఏది? ఆపరేషను అయిందా, అవుతోందా? అప్పుడే మరదలికి ఫోను చేయించారు. పదకొండు గంటలకు లోపలికి తీసుకెళ్లారనీ, ఇప్పుడే బయటికి తెచ్చారనీ ఆమె చెప్పింది. ఆ రెండు సమయాలూ రాసుకున్నారు. నేను "చాలా తీవ్రమైన పరిస్థితి అని రాయండి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"తీవ్రమైన అనే మాట అందరూ రాస్తారు తల్లీ. పదకొండు గంటలు అని మీరొక్కరే రాయగలరు."

ఎన్ని రోజులు కావాలని అడిగారు. నేను రెండు నెలలు అన్నాను. వ్యాపారం చేసేదాన్ని కదా, బేరం ఎక్కడో పై నుంచి మొదలుపెట్టాలని నా బుద్ధి. "కుట్లు ఎప్పుడు విప్పుతారట?" అన్నారు. వారం, పది రోజులు అన్నాను. "అయితే మూడు వారాలు అడుగుదాం. దానికి లెక్క చెప్పగలం. రెండు నెలలకు ఏం చెబుతాం?" అన్నారు. ప్లీడరు గారు ఫోనులో చెప్పిన మాటలు కూడా కలిపారు: ముద్దాయి ఎవరన్నదాని మీద మాకు వివాదం లేదు, అతను లేకుండా ప్లీడరు సమక్షంలో మొదటి సాక్షిని విచారించడానికి అభ్యంతరం లేదు, రెండో సాక్షి మాత్రం దెబ్బ ఎవరు కొట్టారన్నదాని మీద చెప్పవలసినవాడు, అతనిని ప్రశ్నించడానికి ముద్దాయితో మాట్లాడాలి, అందుకు మరో తేదీ కావాలి, ఆ సాక్షి రాకపోకల ఖర్చు కోర్టు ఎంత నిర్ణయిస్తే అంత ఇస్తాం.

ఖర్చుల మాట మనమే రాయడం నాకు నచ్చలేదు. అడగకముందే జేబులో చెయ్యి పెట్టడం ఏ వ్యాపారమని. మాస్టారు నన్ను ఒప్పించలేదు. "ప్లీడరు గారు చెప్పమన్నారు, రాస్తున్నాను" అని రాసేశారు.

టైపు చేసేది ఇంగ్లిషులోనే. ప్రింటు తీయకముందు తెర నా వైపు తిప్పి, ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పారు. "ఇందులో మీరు చెప్పనిది ఏమైనా ఉందా?" అని అడిగారు. ఊళ్లో వేరెవరూ ఈ పని చేయగా నేను చూడలేదు. నా ముందు కూర్చున్న సవర దంపతులకు ఆయన ఒడియాలో చెప్పి, మధ్యలో రెండు మాటలు వాళ్ల భాషలో కూడా కలిపారు. మా నాన్న తెలుగు పంతులు. ఈ ఊళ్లో గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పారనీ, సవరల భాష నేర్చుకుని వాళ్లకు పుస్తకాలు రాశారనీ, తెలుగు మాట్లాడే తీరుకు దగ్గరగా రాయాలని పెద్ద పోరాటం చేశారనీ నా చిన్నప్పుడు రోజూ చెప్పేవారు. ఆ గిడుగు వారి ఊళ్లోనే నేను నాకు అర్థం కాని కాగితానికి తల ఊపి, అదే పట్టుకుని కోర్టుకు వెళ్లాను. మాస్టారు తెర నా వైపు తిప్పినప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

ఒక లోపం మాస్టారి వైపూ ఉంది, దాచను. ఆయన నెమ్మది. ఆ కాగితానికి యాభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఎవరో వస్తే మాటల్లో పడతారు, కళ్లజోడు తుడుస్తారు, తుడిచింది మళ్లీ తుడుస్తారు. నాలాంటి కంగారు మనిషికి అది నరకం. ప్రింటరు మధ్యలో కాగితం మింగేస్తే మేనల్లుడే వచ్చి తీశాడు. న్యాయంగా చెప్పాలంటే, ఆ కుర్రవాడు మిషన్ల పని బాగా చేస్తాడు. ఫోనులో వచ్చిన మసక ఫోటోలను అక్షరాలు కనిపించేలా శుభ్రం చేసి అచ్చు తీసింది అతనే. మనుషులతో మాట్లాడవలసిన చోట కూర్చోబెట్టడమే పొరపాటు.

ప్రతులు కూడా చూసుకోండి. ఉదయం ఒక్కటే ఇచ్చాడు. ప్రభుత్వం తరఫు ప్లీడరుకు ఒకటి ఇవ్వాలి, మన దగ్గర ఒకటి ఉండాలి. మాస్టారు అడక్కుండానే మూడు తీశారు.

రెండున్నర తరువాత కేసు మళ్లీ పిలిచారు. అమ్మగారు ఈసారి చివరి దాకా చదివారు. కింద జతచేసిన కాగితాలు తిప్పి చూశారు. ఒకే ప్రశ్న అడిగారు: "ఇప్పుడు ఎలా ఉన్నాడు?" ప్లీడరు గారు నా కేసి చూశారు, నేను మరదలు చెప్పింది చెప్పాను. తమ్ముడి హాజరు మినహాయించారు. మొదటి సాక్షిని అప్పుడే విచారించారు, మా ప్లీడరు గారు అప్పుడే ప్రశ్నలు వేశారు. రెండో సాక్షి, అంటే ఆ కాశీనగరం ముసలాయన, మూడు వారాల తరువాత రావాలని తేదీ ఇచ్చారు. ఆయనకు మూడు వందల రూపాయలు మా వైపు నుంచి ఖర్చుల కింద ఇవ్వమన్నారు. అక్కడికక్కడే కట్టాను. ఆయన ఆ నోట్లను రెండుసార్లు మడిచి తువ్వాలు కొసన ముడి వేసుకున్నాడు. బస్సు ఖర్చు, ఒక పూట తిండి పోగా కూలి ఎంత మిగిలి ఉంటుందో నేను లెక్కవేశాను. పెద్దగా ఏమీ మిగలదు. ఖర్చుల మాట మనమే ఎందుకు రాయాలని మాస్టారితో వాదించిన మనిషిని నేనే అని అప్పుడు గుర్తుకొచ్చింది.

డబ్బు సంగతి. మేనల్లుడి దగ్గరికి వెళ్లి అరవై రూపాయలు వాపసు అడిగాను. "వాయిదా వచ్చింది కదమ్మా" అన్నాడు. మాటకు మాట చూస్తే అతను చెప్పింది నిజమే, నా నోట మాట రాలేదు. మాస్టారు రెండో కాగితానికి డబ్బు తీసుకోలేదు. ప్రింట్లకు, జతచేసిన ప్రతులకు నలభై రూపాయలు మాత్రం పుచ్చుకున్నారు. మొత్తం వంద. మా ఊరి లెక్కకు ఎక్కువేమీ కాదు.

తరువాతి తేదీ చూసి చెప్పడానికి ఈ కొట్టులో ఇరవై రూపాయలు తీసుకుంటారు. అది మాత్రం ఇవ్వకండి. ఈకోర్ట్స్ యాప్ ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. కేసుకు పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు ఒకటి ఉంటుంది. అది కొడితే గత వాయిదాలో ఏమైందో, రాబోయే తేదీ ఏమిటో వస్తుంది. మా మేనకోడలు నాకు రెండు నిమిషాలలో నేర్పింది. ఇప్పుడు నా కొట్టులో బేరం లేని వేళ అదే చూస్తూ కూర్చుంటాను, ఏమీ మారదని తెలిసినా.

కొత్త చట్టం కింద నడిచే కేసులవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. అందులో 346వ సెక్షను ప్రకారం, తన చేతిలో లేని పరిస్థితి వచ్చినవాళ్లకు కూడా, అవతలివారి అభ్యంతరం విని, కారణం రాసి, రెండుకు మించి వాయిదాలు ఇవ్వకూడదు. రెండే ఉన్నప్పుడు ఒకదాన్ని అచ్చు జ్వరం మీద పారేసుకోవడం ఎంత తెలివితక్కువో బేరం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ప్లీడరు గారు ఈ మాట చెప్పినప్పుడు మొహరిర్ మేనల్లుడి కేసి చూశాడు. మేనల్లుడు ప్రింటరు కేసి చూశాడు.

మూడు వారాల తరువాత తమ్ముడు చొక్కా కింద కట్టు తడుముకుంటూ నాతో వచ్చి కోర్టులో నిలబడ్డాడు. ముసలాయన కూడా వచ్చాడు. చెప్పవలసింది చెప్పాడు. కొంత మాకు అనుకూలం, కొంత కాదు. కేసు ఇంకా నడుస్తోంది.

ఆ రోజు టైపు కొట్టు మీదుగానే వచ్చాం. మేనల్లుడు నన్ను చూసి నవ్వి, అచ్చులన్నీ సరిచేశానని చెప్పాడు. పాత కేసులకు ఒక అచ్చు, కొత్త కేసులకు ఒక అచ్చు, సెక్షన్లు తప్పు పోవు అన్నాడు. మెచ్చుకున్నాను. తెర మీద ఉన్నది చదివి వినిపించమన్నాను, మాస్టారు చెప్పినట్టే తెలుగులో చెప్పాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. జ్వరం తీసేశాడు. దాని చోట విరేచనాలు పెట్టాడు.

ఆదివారాలు, కోర్టు సెలవులు తప్ప రోజూ తొమ్మిదికి తెరుస్తారు. కానీ మాస్టారు పదిన్నర దాటాకే వస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు భోజనానికి ఇంటికి వెళ్లి రెండూ ముప్పావుకు తిరిగి వస్తారు. ఆయన కుర్చీ వెనక తలుపుకు నల్లటి గొడుగు వేలాడుతూ ఉంటే లోపల ఉన్నట్టే. గొడుగు లేకపోతే పక్కన టీ కొట్టులో కూర్చోండి. బరా (మన గారెల్లాంటివి), గుగుని (బఠాణీల కూర) బాగుంటాయి.